మన యిండ్లలోని ఆరోగ్యధర్మము

(ఉప్పర్వాహి తెలుగు పాఠశాల తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



యోగమును గూర్చియు, మన సంప్రదాయమందలి ఆరోగ్యవిధులను గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసినదిగా సంఘమువారు నన్ను కోరిరి. నేను వైద్యుడను గాను. యోగిని అసలే గాను. ఇంటరు వరకు చదివి, ఉపాధ్యాయ శిక్షణము ముగించుకొని, ఆనాటి నుండి పిల్లల నడుమ కాలము గడపుచున్నవాడను. కనుక శాస్త్రచర్చ చేయబూనక, పిల్లలను చూచుచుండువానికి తోచిన విషయములను మాత్రమే విన్నవించెదను.

ప్రతి ఉదయమును ప్రార్థనవేళ నేను వరుసల వెంట నడచుచుందును. ఎనిమిదవ తరగతి బాలుని గొంతుకూర్చొనుమన్నచో అతని మడమలు నేలకు ఆనవు, వెనుకకు పడిపోవును. నేలపై పది నిమిషములు కూర్చున్నంతనే మోకాళ్లు పట్టుకొని లేచు బాలికలు కలరు. వీరి తాతలు డెబ్బదియేండ్ల వయస్సున పత్తిచేలలో రోజంతయు వంగి పనిచేసినవారు. ఉదయమున ఏమి తింటివని అడిగినచో సగము మంది తలవంచుకొందురు. కొందరు జేబులోని చిప్సు పొట్లమును చూపుదురు. రాత్రి ఎన్ని గంటలకు నిద్రించితివని అడుగుట నేను మానివేసితిని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు పిల్లలు గారు, ఇంటిలోని సెల్‌ఫోను ఎవరి చేతిలో ఎంతసేపు ఉండవలెనో నిర్ణయించు పెద్దలు.

ఇట్టి స్థితిలో మనము యోగమును గూర్చి మాటలాడుకొనుచున్నాము. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11వ తేదీన తీర్మానము చేసి జూన్ 21ని అంతర్జాతీయ యోగదినముగా నిర్ణయించినది. 2015 నుండి లోకమంతటను ఆ దినమును జరుపుకొనుచున్నారు. సంతోషమే. కాని ఏడాదిలో ఒకనాడు తెల్లని బనియను తొడిగి, చాప పరచి, ఛాయాచిత్రము తీయించుకొన్నంత మాత్రమున మిగిలిన 364 దినముల లోటు తీరునా? పతంజలి యోగమునకు ఎనిమిది అంగములు చెప్పెను. యమము, నియమము అను రెండును ముందు చెప్పిన పిమ్మటనే మూడవదిగా ఆసనమును చెప్పెను. నియమములో మొదటిది శౌచము, అనగా శుభ్రత. రెండవది సంతోషము, అనగా ఉన్నదానితో తృప్తి. ఈ వరుస ఊరక పెట్టినది గాదని నా తలంపు. గోళ్లలో మట్టి పెట్టుకొని, పొరుగింటివాని క్రొత్త ఫోనును చూచి రాత్రియంతయు ఏడ్చిన బాలునిచేత శీర్షాసనము వేయించినందున ప్రయోజనము లేదు.

ఇక "ప్రాచీనము" అను మాటను గూర్చి ఒకింత చెప్పవలెను. ఏ ఆచారమునైనను అయిదువేల యేండ్లనాటిదని చెప్పినగాని మనకు తృప్తి కలుగదు. సూర్యుని కొలుచుట మిక్కిలి ప్రాచీనమే. రథసప్తమినాడు జిల్లేడాకులు తలపై నుంచుకొని స్నానము చేయుట మన యిండ్లలో నేటికిని కలదు. కాని పాఠశాలలలో నేర్పు సూర్యనమస్కారముల వ్యాయామము మన మహారాష్ట్రమందలి ఔంధు సంస్థానాధిపతియైన భవానరావు పంతప్రతినిధి ప్రోత్సాహముచే గత శతాబ్దపు తొలి దశకములలో పాఠశాలలకు వ్యాపించినది. ఆయన స్వయముగా చేసి, ప్రజలచే చేయించి, 1928లో దానిపై ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. లోణావళాలో స్వామి కువలయానంద 1924లో కైవల్యధామమును స్థాపించి, ఆసన ప్రాణాయామములవలన దేహములో కలుగు మార్పులను ఎక్స్‌రే మొదలగు యంత్రములతో పరీక్షింపజొచ్చెను. ఫలితములను పత్రికలో ప్రకటించెను. నమ్మినదానిని పరీక్షకు పెట్టిన ఆ ధైర్యమే నాకు ఆయన ఆసనములకంటె గొప్పగా తోచును. మన విదర్భలోనే అమరావతిలో హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలము 1914లో వెలసినది. 1936లో ఆ మండలమువారు బెర్లిను నగరమునకు వెళ్లి, ఒలింపిక్ క్రీడల సందర్భమున మన దేశీయ ఆటలను ప్రదర్శించి వచ్చిరి. మనవారిలో వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు ఊపిరి బిగించి రొమ్ముపై ఏనుగును నిలిపిన కథ మీలో పెద్దలు వినియే యుందురు. కనుక మంచి ఆచారమునకు వయస్సు ముఖ్యము గాదు. నూరేండ్లదైనను మేలు చేయునది మంచిదే. వేయేండ్లదైనను కీడు చేయునది చెడ్డదే. ఈ రెండవ మాటకు నేను మరల వచ్చెదను.

మన యిండ్లలో యోగమను పేరు లేకుండనే యోగము జరుగుచుండెను. నేలపై కూర్చుండుటను పుస్తకములలో బాసింపట్టు అందురు, మన యిండ్లలో సక్లముక్లము అందురు, యోగగ్రంథములలో సుఖాసనము అందురు. మూడును ఒక్కటే. నేలపై కూర్చొని భోజనము చేయుట, గొంతుకూర్చొని అంట్లు తోముట, తిరుగలి త్రిప్పుట, బావినుండి నీరు చేదుట, ఇవన్నియు కీళ్లకు చమురు పెట్టినట్టి పనులు. కుర్చీయు, మిక్సీయు, కుళాయియు వచ్చినవి; రావలసినవే. తిరుగలికి మరల తల్లులను కట్టివేయుమని నేను చెప్పను. కాని ఆ పనులవలన కలిగెడి వ్యాయామము పోయినచోట మరియొకటి రావలెను గదా. రాత్రి భోజనమైనను కుటుంబమంతయు నేలపై కూర్చొని చేయుట ఖర్చులేని పని. తండ్రి కూర్చున్నచో పిల్లలు కూర్చుందురు.

గుంజీళ్ల సంగతియు ఒకటి చెప్పెదను. వినాయకునియెదుట చెవులు పట్టుకొని గుంజీళ్లు తీయుట మన ఆచారము. దీనికే కొందరు విదేశములలో "సూపర్ బ్రెయిన్ యోగా" అను పేరు పెట్టి, బుద్ధి పెరుగునని ప్రచారము చేసిరి. బుద్ధి పెరుగునో లేదో నేను చెప్పజాలను. పెరిగెడిదే యైనచో వెనుకటి బడులలో మొద్దబ్బాయిలందరును మహాపండితులు కావలసియుండెను! కాని తొడలకును నడుమునకును అది చక్కని వ్యాయామమనుటలో సందేహము లేదు. దానిని శిక్షగా వాడి వాడి పిల్లలకు వెగటు పుట్టించితిమి. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము పిల్లలను శారీరకముగా శిక్షించుటను నిషేధించినది. ఇప్పుడు గుంజీళ్లను మరల ఆటగా మార్చుకొనవచ్చును.

వ్యాయామము ఎంత చేయవలెను? ఈ విషయమున వాగ్భటుని అష్టాంగహృదయము చెప్పిన మాట నాకు మిక్కిలి నచ్చినది. బలవంతుడైనను, మంచి ఆహారము తినువాడైనను, చలికాలమునను వసంతమునను తన శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులలో అంతకంటె స్వల్పముగా చేయవలెననియు ఆయన విధించెను. ముక్కుతో ఆడవలసిన ఊపిరి నోటితో ఆడజొచ్చినప్పుడు సగము శక్తి ఖర్చయినట్లు పెద్దలు గుర్తు చెప్పుదురు. ఈ విధి మన చంద్రపూరు జిల్లాకే వ్రాసినట్లున్నది. మే నెలలో ఇచ్చట 47 డిగ్రీలు దాటు దినములు కలవు. దేశమున మిక్కిలి వేడియగు ఊళ్ల పట్టికలో మన జిల్లా పేరు తరచుగా ముందుండును. ఇట్టిచోట వేసవి మధ్యాహ్నమున పిల్లలచే పరుగులు తీయించుట వ్యాయామము గాదు, హింస. వేసవిలో సూర్యోదయమునకు ముందే ముగించవలెను. ప్రాణాయామమునకును ఇదియే నియమము: లారీల ధూళి లేచు మార్గము ప్రక్కను, పొయ్యిపొగలోను కూర్చొని గాఢముగా ఊపిరి పీల్చుటవలన లాభమునకు మారు నష్టమే కలుగును. ఉబ్బసము గల పిల్లలు వైద్యుడిచ్చిన పీల్చుమందును మానరాదు. ప్రాణాయామము దానికి తోడేగాని ప్రత్యామ్నాయము గాదు.

వేడిని తాళుటకు మన పెద్దలు ఏర్పరచిన ఋతుచర్యలో గొప్ప తెలివి కలదు. జొన్న అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, పచ్చిమామిడికాయ పానకము, ఇవి మనకు తరతరములుగా తెలిసినవే. వీటిలోని సూత్రము నీరును ఉప్పును కలిపి ఇచ్చుట. 1971లో తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన కాందిశీకుల శిబిరములో, బెంగాలు సరిహద్దున గల బనగావ్‌లో, కలరా చెలరేగినది. సెలైను సీసాలు అయిపోవుచుండగా డాక్టరు దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, బంధువులచేతనే రోగులకు త్రాగించెను. నూటికి ముప్పది వరకు పోయిన మరణములు నాలుగింటికి లోపునకు దిగినవి. నేడు ఓ.ఆర్.ఎస్. పొట్లముగా అంగళ్లలో దొరకునది అదియే. పొట్లము లేనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలిచి, కలుపుకొనవచ్చును. అయితే వడదెబ్బ తగిలి మాట తడబడినను, స్పృహ తప్పినను, నోట ఏమియు పోయక, దేహమును నీటితో తడిపి విసరుచు వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. అప్పుడు ఉల్లిగడ్డను జేబులో నుంచినంత మాత్రమున ప్రాణము నిలువదు.

ఆహారమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు, తెలియని తల్లి లేదు గనుక. కడుపులో నాలుగవ వంతు ఖాళీగా నుంచవలెనని హఠయోగప్రదీపిక మితాహారమునకు లక్షణము చెప్పెను. జొన్నరొట్టెను బీదవాని తిండి యని మన పిల్లలు సిగ్గుపడుచుండగా, ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా జరిపినది! ఉగాదినాడు మనము వేపపూత పచ్చడి తిందుము; అదే దినమున గుడీపాడవా జరుపుకొను మన మరాఠీ పొరుగువారు వేపచిగుళ్లను బెల్లముతో తిందురు. సంక్రాంతికి మనకు నువ్వులుండలు, వారికి తిల్‌గుళ్. చలికాలమున నూనెగింజ, వసంతమున చేదు: ఒకే నేల, ఒకే ఎండ, ఒకే జ్ఞానము, రెండు భాషలు.

ఇప్పుడు ఆ రెండవ మాటకు వచ్చెదను. నేటి సభలో నేను గట్టిగా చెప్పదలచినది ఇదియే.

సంప్రదాయము పేరిట కీడు చేయు పనులు కొన్ని మన బస్తీలలో ఇంకను సాగుచున్నవి. పుట్టిన బిడ్డకు మురిపాలు పిండి పారబోసి, తేనెయో, బెల్లపు నీళ్లో, ఆముదమో నాకించుట కలదు. మురిపాలే బిడ్డకు మొదటి రక్ష. ఆరునెలలు తల్లిపాలు తప్ప మరేమియు ఇయ్యరాదనియు, ఏడాది నిండువరకు తేనె కూడదనియు నేటి వైద్యము స్పష్టముగా చెప్పుచున్నది. బిడ్డకు మూర్ఛ వచ్చెననియో, కడుపు ఉబ్బెననియో కాల్చిన ఇనుపకడ్డీతో వాతలు పెట్టుట కలదు. ఇది వైద్యము గాదు, పసిగుడ్డుపై దౌర్జన్యము. కాటుకలో, సుర్మాలో సీసము కలిసియుండునవి కలవు. అది పిల్లల మెదడునకు హాని. పత్తిచేలలో పాము కరచినవానిని మంత్రగానియొద్దకు కొనిపోయి గంటలు వృథాచేయుదురు. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువానిని కరచును. నొప్పియు వాపును అంతగా ఉండవు. తెల్లవారుసరికి ఊపిరి నిలిచిపోవును. విషమునకు విరుగుడు మందు ఆసుపత్రిలో మాత్రమే కలదు. కోయరాదు, పీల్చరాదు, గట్టిగా కట్టరాదు. కరచిన అవయవమును కదలనీయక వెంటనే బండి ఎక్కింపవలెను.

పచ్చకామెర్లకు పసరుమందు ఇచ్చుట అన్నింటికంటె చిక్కైనది, ఏలన దానిని నమ్ముటకు కారణము కన్నులకు కనబడును. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు చాలమంది పిల్లలలో కొన్ని వారములకు వాటంతట అవియే తగ్గిపోవును. అంతకు ముందు త్రాగిన పసరునకు ఆ కీర్తి దక్కును. తగ్గని రకముల కామెర్లు వచ్చినవారు అదే పసరును నమ్ముకొని కాలము మించిన పిదప ఆసుపత్రికి చేరుదురు. ఆంధ్రదేశపు వైద్యులకు ప్రమాణమైన బసవరాజీయమువంటి గ్రంథములలో పాదరసపు మందులును కలవు. వానిని వ్రాసినవారు శుద్ధిచేయు విధానమును, మోతాదును, పథ్యమును కూడ వ్రాసిరి. నేడు సంతలో పేరు లేని పొట్లము కట్టి అమ్మువానికి వీనిలో ఏది తెలియును? ఆయుర్వేదమునందు విశ్వాసము గలవారు చదివి పట్టము పొందిన ఆయుర్వేద వైద్యునియొద్దకు వెళ్లుడు; నేను వద్దనను. పిల్లల టీకాలను మాత్రము ఏ విశ్వాసము పేరిటను ఆపకుడు.

ఇట్లు రెండు చేతులతో రెండింటిని పట్టుకొనుట సాధ్యమా యని కొందరు అడుగవచ్చును. లూయీ కూనే యను జర్మనుని ప్రకృతిచికిత్సా గ్రంథమును 1894లో వేంకటాచలపతిశర్మగారు తెలుగున అనువదించిరి. మన దేశమున ప్రకృతివైద్యోద్యమమునకు అదియే నాందియని చెప్పుదురు. హిందీ ఉర్దూలలోనికి అది వెళ్లుటకు ముందే తెలుగులోనికి వచ్చినది. ఆ మార్గమును అందరికంటె గాఢముగా నమ్మినవారు గాంధీజీ. మనకు పొరుగుననున్న వార్ధా జిల్లాలోని సేవాగ్రామములో రోగులకు మట్టిపట్టీలు వేయించిరి. 1946లో పూనా సమీపమున ఉరుళీకాంచనులో ప్రకృతిచికిత్సాలయమును నెలకొల్పిరి. అట్టి గాంధీజీకి 1924 జనవరిలో యెరవాడ కారాగారములో ఉండగా పేగుకు అనుబంధమైన అపెండిక్సు వాచెను. పూనా సాసూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ అను ఆంగ్లేయ వైద్యుడు రాత్రివేళ శస్త్రచికిత్స చేసెను. నడుమ విద్యుద్దీపము ఆరిపోగా లాంతరు వెలుతురున ముగించిరని చరిత్ర. తన మతము పోవునని గాంధీజీ ఆ కత్తిని నిరాకరింపలేదు. ఆ పిమ్మట ఇరువది నాలుగు సంవత్సరములు జీవించి, 1942లో ఆగాఖాన్ భవనమున నిర్బంధములో నుండి ఆరోగ్యముపై పుస్తకమును వ్రాయ మొదలిడిరి. మట్టిపట్టీ ఎప్పుడో, కత్తి ఎప్పుడో తెలియుటయే వివేకమని నేను గ్రహించినది.

మన పాఠశాలలో హిందువులు మాత్రమే లేరు. ముస్లిము, క్రైస్తవ, బౌద్ధ కుటుంబముల పిల్లలును కలరు. ఊపిరికి మతము లేదు. ఓంకారము పలుకుట ఇష్టమైనవారు పలుకుదురు, కానివారు మౌనముగా నుందురు. ఏ పిల్లవానిని బలవంతము చేయబోమని వారి తల్లిదండ్రులకు ఇచ్చటనే మాట ఇచ్చుచున్నాను. ఈ ప్రాంతపు గోండు, కొలాము వృద్ధులకు తెలిసిన చెట్లచేమల జ్ఞానమును చిన్నచూపు చూడకుడని కూడ కోరుచున్నాను. మనకంటె ముందునుండి వారీ అడవిలో నున్నారు.

చివరిగా భాషను గూర్చి. ఈ కోర్పనా ప్రాంతము అప్పటి రాజురా తాలూకాలోనిది. 1956 వరకు రాజురా హైదరాబాదు రాష్ట్రములో ఆదిలాబాదు జిల్లాకు చెందియుండెను. తరువాత ఎల్లలు మారినవి, మన యిండ్లు మారలేదు. గనులకును, సిమెంటు పనులకును ఆ పిమ్మట వచ్చి చేరిన తెలుగువారు మరికొందరు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పు సౌకర్యమును రాష్ట్రము కల్పింపవలెనని రాజ్యాంగములోని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అదియును 1956లో చేరినదే. కాని చట్టము పుస్తకమును ఇయ్యగలదుగాని నాయనమ్మను ఇయ్యలేదు గదా. మొన్న అయిదవ తరగతిలో "పరగడుపున" అను మాటకు అర్థమడిగితిని. ముప్పదిమందిలో నలుగురు చెప్పిరి. ఒక బాలుడు మరాఠీలో "అనశాపోటీ" అని చెప్పెను. సంతోషించితిని, అర్థము తెలిసినది గనుక. తక్కినవారికి ఏ భాషలోను ఆ మాట లేదు. "చలువ", "పథ్యము", "అరుగుదల", "నలుగు", "కునుకు", ఇవి తెలియని పిల్లవానికి, మందుచీటీపై వ్రాసినది వైద్యుడు చెప్పినను, ఇంటిలో అవ్వ చెప్పినను, సగమే చెవికెక్కును.

అందువలన సంఘమువారి అనుమతితో రెండు ఏర్పాట్లు చేయుచున్నాము. రాబోవు విద్యాసంవత్సరము నుండి ప్రార్థనకు ముందు పదునైదు నిమిషములు నేలపై కూర్చుండుట, నిలిచి వంగుట, నెమ్మదిగా ఊపిరి పీల్చి విడుచుట నేర్పబడును. జ్వరము, ఉబ్బసము, గుండెజబ్బు గల పిల్లల పేర్లను తల్లిదండ్రులు ముందుగా తెలుపవలెను. రెండవది, ప్రతి శనివారము చివరి గంటలో ఇద్దరు అవ్వలనో తాతలనో బడికి పిలుచుకొందుము. వారు ఇంటి వైద్యము, ఋతువుల వంటలు, వాటి పేర్లు చెప్పుదురు; ఏడవ తరగతి పిల్లలు వ్రాసికొందురు. ప్రక్కపుటలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునిచేత అది మంచిదో, హానియో, హానిలేని వట్టి నమ్మకమో వ్రాయింతుము. రావలచిన పెద్దలు ఉగాదిలోగా పేరు ఇయ్యవచ్చును. నడువలేనివారి యింటికి పిల్లలే పలకయు కలమును పట్టుకొని వత్తురు. నోటుపుస్తకము కార్యాలయములో నా మేజాపై నుండును. ఎవరైనను వచ్చి చదువుకొనవచ్చును.